వందకు మూడు రోజులు తక్కువ

ఆదివారం మధ్యాహ్నం మూడు దాటింది. ఆస్పత్రి వెనకున్న పరిశోధన భవనంలో మూడో అంతస్తు మొత్తానికీ ఆమె ఒక్కతే. కిటికీలోంచి ఎండ నిక్షేపంగా పడుతోంది. మూలనున్న ఫ్రిజ్ పిల్లిలా గురగురమంటోంది. గదంతా స్పిరిట్ వాసన.

ఆమె చేసే పని ఎంత చిత్రమైనదో చూడండి. ఒకరి ఎముక మూలుగలోంచి మూలకణాలు తీసి, రక్తం చెడినవాళ్ళకి ఎక్కిస్తారు, నారు తీసి నాటినట్టు. ఆ కణాలు కొత్త ఇంట్లో కుదురుకోక ఇంటివాళ్ళ మీదే తిరగబడకుండా ఒక మందు ఇస్తారు. ఆ మందుకి మూత్రపిండాలు తట్టుకుంటాయా అన్నదే ఆమె పరిశోధన. తట్టుకుంటాయని రాసింది. ఆ రాతను నమ్మే, నాలుగింటికి ఆమె సొంత చెల్లెలికి పూర్తి మోతాదు ఎక్కించబోతున్నారు. కణాలు ఇచ్చింది కూడా అక్కే. ఇకనుంచి నా ఒంట్లో కూడా నీ పెత్తనమేనన్నమాట అని చెల్లెలు పొద్దున నవ్వింది.

కానీ ఆ రాతలో ఒక తిరకాసుంది. వంద రోజులు బతికినవాళ్ళనే లెక్కలోకి తీసుకోవాలని ఆమె నియమం పెట్టుకుంది. అంతకుముందే పోయినవాళ్ళని ‘మధ్యలో మానేసినవారు’ అని పక్కన పెట్టింది. అలాంటివాళ్ళు ఏడుగురు. ఏడుగురికీ ముందు పోయినవి మూత్రపిండాలే. అందరూ చేసే పద్ధతే కదా అని మనసుకి సర్దిచెప్పుకుంది.

తలుపు చప్పుడు కాలేదు. తడి సిమెంటు వాసన వచ్చింది. ఆమె సూక్ష్మదర్శిని మీంచి తలెత్తింది.

బల్లకి అవతల ఒక మనిషి. ఉబ్బిన ముఖం. నీళ్ళు నింపిన తిత్తిలాంటి ఒళ్ళు. ఆమె గుర్తుపట్టింది. ఆ ఏడుగురిలో ఒకడు, తాపీమేస్త్రీ. పోయి ఏడాదైంది... తొంభై ఏడో రోజున.

"నేను మానెయ్యలేదమ్మా," అన్నాడు గుసగుసగా. "వందకు మూడు రోజులు తక్కువ. అంతే."

కాపలావాణ్ణి పిలుద్దామని ఆమె ఫోను మీద చెయ్యి వేసింది. ఆ చేతి మీద మేస్త్రీ పిడికిలి పడింది. రెండు వేళ్ళు పుటుక్కున విరిగాయి. ఆయన ఆమె జుట్టు పట్టుకుని, ముఖాన్ని గాజు పలకల పెట్టెకేసి కొట్టాడు. ఒకసారి... మళ్ళీ... ఇటుక సరిచేస్తున్నంత నిదానంగా. గాజు పగిలి చెంపలో దిగింది. రక్తం కంట్లోకి కారింది. కిందపడితే నడుం మీద తన్నాడు. కుడివైపు. తర్వాత ఎడమవైపు. ఎక్కడ తన్నాలో బాగా తెలిసినవాడిలా.

నేల మీంచి చూస్తే, గుమ్మం దగ్గర ఉబ్బిన పాదాలు కనిపించాయి. ఆరు జతలు. లోపలికి రావడం లేదు... వంతు కోసం నిలబడ్డారు.

"టైమెంతయిందమ్మా?" అన్నాడు మేస్త్రీ.

నాలుగింటికి ఇంకా పది నిమిషాలుంది. అప్పుడు వెలిగింది ఆమెకి. ఈ దెబ్బలు తనతో ఆగవు. పది నిమిషాల్లో చెల్లెలి నడుం మీద పడతాయి.

పాక్కుంటూ వెళ్ళి ఎడమ చేత్తో ఫోను అందుకుంది. ఈసారి మేస్త్రీ అడ్డుపడలేదు. అవతల చెల్లెలి వార్డు డాక్టరు.

"మా చెల్లికి ఆ మందు ఎక్కించకండి," అంది. "నేను ఏడుగుర్ని దాచాను."

ఎవరెవరని ఆయన అడిగాడు. పేర్లన్నీ ఆమెకి నోటికొచ్చు. ఒక్కో పేరూ చెబుతుంటే గుమ్మం దగ్గర ఒక్కో జత పాదాలు లేకుండా పోయాయి. చివర్న మేస్త్రీ పేరు చెప్పి వెనక్కి తిరిగింది. గది ఖాళీ. ఫ్రిజ్ గురగురమంటూనే ఉంది.

మందు ఆగింది. చెల్లెలు హాయిగా నిద్రపోతోందని కబురొచ్చింది. అక్కకి మాత్రం మూత్రంలో నెత్తురు పడుతుంటే స్కానింగుకి తీసుకెళ్ళారు. అల్మారా తన మీద పడిందని అందరికీ చెప్పింది.

స్కాను తీసే అమ్మాయి నడుముకి చల్లటి జెల్లు రాసి, తెర చూసి, మూత్రపిండాలు రెండూ నలిగాయిగానీ ప్రాణానికి ఢోకా లేదంది. తర్వాత పరికరాన్ని పొత్తికడుపు దగ్గరికి జరిపి ఆగిపోయింది.

"మూత్రపిండం మార్పిడి ఎప్పుడు చేయించుకున్నారండీ?"

చేయించుకోలేదంది ఆమె. అమ్మాయి కోత మచ్చ కోసం వేళ్ళతో తడిమింది. మచ్చ లేదు. ఎక్కణ్ణుంచో తడి సిమెంటు వాసన వచ్చింది. తెర మీద మాత్రం మూడోది ఉంది... ముడుచుకుపోయి... నల్లగా...

"ఇది ఎప్పుడో చచ్చిపోయిందండీ," అంది అమ్మాయి మెల్లగా. "కానీ మీ రక్తం లాగుతోంది."