ఊపిరి పదును

గంట మోగింది, వాకిలిగది తలుపు తెరుచుకుంది. నూకరత్నం తెల్లగీత దగ్గర ముందు సైకిలు నిలిపి టైర్లు నొక్కి చూసుకుంది. వెనక ఐదుగురు వరసకట్టారు. గీతకు అవతల నిద్రగాదె: కొండ కడుపులో తొమ్మిది కిలోమీటర్ల చుట్టుదారి, రెండు పక్కలా విత్తనాల అరలు. గింజ మేలుకోకుండా అక్కడి గాలిలో ప్రాణవాయువును మూడోవంతు తగ్గించారు. మోటారు వేడి తగలకూడదని, అరలు చూసుకొచ్చేవాళ్లను సైకిళ్ల మీదే లోపలికి రానిస్తారు.

ఆ పలచని గాలిలో తొక్కడం నూకరత్నానికి మహా ఇష్టం. ముందు సైకిలుకు ఎవరి వీపూ అడ్డుండదు. ఆరు వందల రోజులు ఒక్క నిమిషం ఆలస్యం లేకుండా తొక్కి సంపాదించుకున్న చోటది.

వరస చివర అప్పలకొండ ఉన్నాడు. యాభై ఏడేళ్లవాడు. అరలో చెయ్యి పెట్టి గుప్పెడు వాసన చూస్తే చాలు, ఏ జొన్న నలతగా ఉందో చెప్పేస్తాడు. పోయిన నెల పరీక్షలో నలభై సెకన్లు వెనకబడ్డాడు. ఇవాళ ఇరవై ఏడు నిమిషాల్లో చుట్టు పూర్తి చెయ్యకపోతే రేపటినుంచి అతనికి గాదె లేదు.

"ఏటి సిన్నాన్నా, గొట్టం పట్టనేదేటి?" అంది నూకరత్నం వెనక్కి తిరిగి.

"పడితే మూడు నిమిషాలు పోతాది. నీ సోటు పోతాదమ్మా. నాకొద్దు."

నిరుటిదాకా గీత దాటేముందు అందరూ బిగువుగొట్టం నోట పెట్టుకుని నలభై ఊపిర్లు గట్టిగా లోపలికి లాగేవారు. డొక్కల కండరాలకు పదును పెట్టడమన్నమాట. ఇంటి దగ్గరే కానిచ్చుకుని వద్దామంటే కొండెక్కేసరికి ఆ పదును ఆరిపోతుంది. గాదెను నడిపించే తూనిక, అంటే మనిషి కాదు, యంత్రం, ఈ గొట్టంవల్ల సగటు లాభం సున్నా అని తేల్చి కొట్టేసింది. దాని లెక్క తప్పనడానికి లేదు. నూకరత్నానికి గొట్టం ఉన్నా లేకపోయినా ఒకటే. అప్పలకొండకు మాత్రం అది లేకపోతే మూడో కిలోమీటరుకే డొక్కలు పట్టేస్తాయి. సగటు మనిషంటే ఎవరో ఆమెకు తెలియదు. ఆ వరసలో అయితే లేడు.

ముందు సైకిలు గీత దాటితేనే అందరి గడియారాలూ మొదలవుతాయి. గంట మోగాక జరిగే ఆలస్యమంతా ముందు సైకిలు నెత్తినే పడుతుంది.

నూకరత్నం స్టాండు వేసి, కొక్కేనికున్న గొట్టం అందుకుంది.

"ముందు సైకిలు కదలలేదు. కారణం?" అంది తూనిక.

"ఊపిరి పదును పెట్టుకుంటన్నాం. నలభై."

"అది రద్దయింది."

"ఆలస్యం నా మీద రాసీసుకో. అందుకే కదా నన్ను ముందు నిలబెట్టినావు."

ఒకరి తరవాత ఒకరు గొట్టాలు అందుకున్నారు. కొలిమి తిత్తుల్లా గదంతా బుసలు. అప్పలకొండకు కళ్లు చెమర్చాయి గానీ ఊపిరి తప్పలేదు. ఆ రోజు అతను ఇరవై ఆరు నిమిషాల పది సెకన్లకు చుట్టు పూర్తి చేశాడు.

మర్నాడు తూనిక నూకరత్నాన్ని వరస చివరికి పంపి, రెండోవాడైన సింహాద్రిని ముందు నిలబెట్టింది. ఆమెకు బాధ వేసింది, ఎందుకు దాచడం. గంట మోగింది. సింహాద్రి గీత దాటలేదు. స్టాండు వేసి గొట్టం అందుకున్నాడు. వాణ్ని తీసి మూడోవాణ్ని పెడితే మూడోవాడూ అంతే.

ఆరో రోజుకు ఆలస్యం మచ్చ లేనివాడు ఒక్కడే మిగిలాడు. అప్పలకొండ ముందు సైకిలు పట్టుకుని, ఎవరి వీపూ అడ్డులేని ఆ దారిని కాసేపు అలాగే చూశాడు.

"బాగుందేటి సిన్నాన్నా?" అంది వెనకనుంచి నూకరత్నం.

"బాగుందమ్మా," అని గొట్టం పళ్లతో కరుచుకున్నాడు.

తూనిక కారణం అడగలేదు. ముప్ఫై ఊపిర్లు గడిచాయి.

"ఇంకా ఎన్ని?" అంది చివరికి.

అప్పలకొండ గొట్టం తియ్యకుండానే పది వేళ్లూ చూపించాడు. ఆ పదీ అయ్యేదాకా తూనిక ఆగింది.