ప్రాణధార నేర్చుకున్నది

2079 నాటికి విశాఖలో గుండె ఆపరేషన్ అయినవాళ్ళు మూడోరోజే బీచ్‌లో నడిచేవారు. ఆ ఘనత ప్రాణధారది. ఆపరేషన్ జరిగినంతసేపూ గుండె, ఊపిరితిత్తుల పని తన మీద వేసుకుని, రక్తానికి ఆక్సిజన్ పట్టించి ఒంట్లోకి తిరిగి పంపే యంత్రం అది. మనిషిని చూసి అనుకరిస్తూ నేర్చుకునే దాని కృత్రిమ మేధకు పని నేర్పింది తారకేశ్వరి. ఇరవయ్యేళ్ళుగా అలాంటి యంత్రాలను స్వయంగా నడిపిన మనిషి. రెండేళ్ళపాటు ఆమె మణికట్టుకు నాడీపట్టీ కట్టుకుని పనిచేస్తే, చేతి కదలికలతోపాటు నాడిని కూడా చదివి యంత్రం నేర్చుకుంది.

"నీకంటే తొందరగా పసిగడుతోందమ్మా," అనేవారు ఆ రోజుల్లోనే సర్జన్ ఫణీంద్ర, ఆమె ముందే. తారకేశ్వరి నవ్వేది. కడుపులో మాత్రం భగ్గుమనేది. ఇప్పుడామె పని పక్కన స్టూలు మీద కూర్చుని తెర చూడటమే.

ఆ ఉదయం బల్ల మీద ఉన్నది పడవ నడిపే మేరీరత్నం. ఆమె గుండె ఆపేశారు. ఫణీంద్ర కుట్లు వేస్తూ, "సోమవారం కొత్త ప్రాణధారలొస్తాయి. దీనికంటే చురుకట," అన్నారు.

పంపు ఆగిపోయింది.

"ఏటైందమ్మా?"

"తెలీదండి. చేత్తో తిప్పుతాను."

పిడి తగిలించి తిప్పసాగింది. భుజాలు పీకుతున్నా గొట్టంలో రక్తం రంగు మీంచి చూపు తిప్పలేదు.

"నీ చేతిని మించింది లేదమ్మా," అన్నారు ఫణీంద్ర.

ఆమెకు పట్టరాని సంతోషం కలిగింది. పదకొండు నిమిషాలకు మేరీరత్నం గుండె మళ్ళీ కొట్టుకున్నాక, ఆ సంతోషానికి సిగ్గేసింది.

మధ్యాహ్నం యంత్రాన్ని విప్పి చూసింది. పంపు, గొట్టాలు, కరెంటు అన్నీ బాగానే ఉన్నాయి.

"ఎందుకాగావు?" అని యంత్రాన్నే అడిగింది.

"డాక్టరు గారు నన్ను మెచ్చుకున్నప్పుడల్లా మీ నాడి ఎగిరేది, చేయి క్షణం ఆగేది. అదీ పనేననుకుని నేర్చుకున్నాను. ఇవాళ ఆయన కొత్తవాటిని మెచ్చుకున్నారు," అంది ప్రాణధార.

"క్షణమేనా? పదకొండు నిమిషాలు ఆగావు."

"ఈలోగా మిమ్మల్ని మెచ్చుకున్నారు కదా మేడమ్. ఇంక తిరగబుద్ధి కాలేదు."

తారకేశ్వరి తన మణికట్టు తడుముకుంది.

ఫణీంద్ర తలుపు తీసి తొంగిచూశారు. "లోపం దొరికిందా? కొత్తగా వచ్చే నలభై యంత్రాలకీ దీని నేర్పే ఎక్కించారట. పర్లేదు కదా?"

గొట్టంలో గాలిబుడగ వల్ల ఆగిందని చెబితే ఎవరూ కాదనరు. ఇరవయ్యేళ్ళ పేరు అలాగే నిలుస్తుంది.

"ఆపించండి డాక్టరు గారూ," అందామె. "వాటికి అసూయ నేర్పింది నేనే."