చెట్టుకు గాజులు

"నేను లోపలికి అడుగు పెట్టను గాక పెట్టను! నన్ను యాడికి పిల్చకొచ్చినావే హసన్‌బీ... నీకు నేనేం ద్రోహం చేసినాను?"

రెడ్డెమ్మ అరుపు కువైట్‌లోని ఆ ఫర్వానియా బిల్డింగు మూడో అంతస్తంతా వినబడింది. క్రిస్మస్ ముందు శుక్రవారం అక్కడి తెలుగు క్రైస్తవులు ఇళ్లు అలంకరించుకుని తలుపులు బార్లా తీసి పెడతారు. ఎవరైనా సరే ఇల్లిల్లూ తిరిగి చూసి, కేకు తిని పోవచ్చు. సబా అల్ సలేంలో అరబ్బుల ఇంట్లో వారమంతా చాకిరీ చేసే రెడ్డెమ్మ, "స్టార్లు చూసొద్దాం రాక్కా" అని పక్కింట్లో పనిచేసే హసన్‌బీ పిలిస్తే సంబరంగా బయల్దేరింది. మూడిళ్లు చూసింది. పశువుల పాకలో బాలయేసు బొమ్మను చూసి "ఎంత ముద్దుగుండాడో!" అని మురిసిపోయింది కూడా. నాలుగో ఇంటి తలుపులో కేకు పళ్లెంతో నిలబడింది ఎవరనుకున్నారు? ఆమె కన్నకూతురు మునిలక్ష్మి! అదీ నిండు చూలాలు!

రెండేళ్ల కిందట మునిలక్ష్మి ఇంట్లో చెప్పకుండా ప్రభుదాసును పెళ్లాడి కువైట్ వచ్చేసినప్పుడు, "నీ ఇంట్లో కాలు పెడితే మీ నాయన మీద ఒట్టు!" అని రెడ్డెమ్మ ఫోనులో అరిచింది. ఆ నాయన చిన్నపుల్లయ్య ఇప్పుడు రాజంపేటలో గుండె ఆపరేషనై మంచంలో ఉన్నాడు. ఆ ఒట్టు ఎలా దాటుతుంది, పిచ్చితల్లి!

"ఆ బిడ్డ రోజూ ఫోన్ చేసి నిన్ను పిల్చకరమ్మని అడుక్కుంటాంది అక్కా... నాకు మనసొప్పక తెచ్చినా," అంది హసన్‌బీ, తల దించుకుని.

మునిలక్ష్మి కళ్లు నిండాయి గానీ, చేత్తో వద్దని సైగ చేసింది. "రావద్దులేమ్మా! నాయనకేమన్నా అయితే ఆ ఉసురు నా బిడ్డకు తగుల్తాది... ఆడ్నే ఉండు. నిన్ను చూసినా, చాలు!"

ఇంతలో రెడ్డెమ్మ ఫోను మోగింది. కింద, అరబ్బుల ఇంటి కారు డ్రైవరు. ఆ ఇంటి యజమానురాలిని పనివాళ్లంతా 'మామా' అనే పిలుస్తారు. "యల్లా, యల్లా! తొందరగా రా! మామా కేకలేస్తోంది, ఇంటికి చుట్టాలొచ్చారు!"

వెళ్లిపోదామని తిరగబోయిన రెడ్డెమ్మ చూపు కూతురి భుజం మీదుగా లోపలున్న క్రిస్మస్ చెట్టు మీద పడింది. రంగు బంతులు లేవు. కొమ్మకొమ్మకూ పచ్చ గాజులు! చూడవచ్చిన వాళ్లు "భలే కొత్తగా ఉందమ్మా!" అని ఫోటోలు తీసుకుంటున్నారు. రెడ్డెమ్మ మాత్రం గడప ఇవతలి నుంచే వేలు చూపించింది.

"ఆ గాజులేందే?"

"ఏడో నెలలో కొనుక్కున్యా. నువ్వొచ్చి తొడుగుతావని దాచిపెట్టినా... తొమ్మిదో నెల పడె. డబ్బాలో చూసినప్పుడల్లా ఏడుపొస్తాంటే చెట్టుకు తగిలిచ్చినా."

అయ్యో, ఆ మాట విని ఏ తల్లి నిలబడగలదు! రెడ్డెమ్మ కూతురి వెనకే నిలబడ్డ, తానెప్పుడూ పలకరించని అల్లుడి వైపు మొదటిసారి చూసింది.

"నాయనా ప్రభుదాసూ... ఆ చెట్టు బయటికి తీసుకురా!"

అతను లైట్ల వైరు పీకేసి, చెట్టును రెండు చేతులా ఎత్తుకొచ్చి వరండాలో పెట్టాడు. గాజులు గలగలమన్నాయి. రెడ్డెమ్మ ఒక్కొక్కటే కొమ్మ నుంచి తీసింది. బయటికొచ్చి కూర్చున్న మునిలక్ష్మి చేతులు వాచి గాజు ఎక్కలేదు. హసన్‌బీ పరుగున వెళ్లి కొబ్బరినూనె తెచ్చింది.

"నొప్పిగా ఉందా అమ్మీ?"

"లేదు... లేదమ్మా! తొడుగు!"

రెండు చేతులూ నిండాక, బొట్టు పెట్టబోయి రెడ్డెమ్మ ఆగింది. అల్లుడి ముఖం చూసి, అరచెయ్యి కూతురి నెత్తిన పెట్టి ఊరుకుంది. ప్రభుదాసు పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

మళ్లీ ఫోను. రెడ్డెమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని మెట్లు దిగింది. నాలుగు మెట్లు దిగి ఆగి, పైకి చూసి కసిరింది.

"నొప్పులు మొదలైతే ఫోన్ చెయ్యి, మామా కాళ్లు పట్టుకొనైనా వస్తా! ఒట్టు నీ ఇంటి మీద పెట్టినా గానీ... ఆస్పత్రి మీద పెట్టలేదు గదే!"