మేకుకు వేలాడిన తాళంచెవి

“పరాయి ముఠా దిగేది ఆదివారం, చర్చి వేళకి. అప్పుడు ఊళ్ళో ఒక్కరూ బయట ఉండరని వాళ్ళకి తెలుసు,” శాటిలైట్ ఫోన్‌లో చీఫ్ గొంతు. “పదకొండున్నరకి మన సబ్‌మెరీన్ ఊరి నెట్‌వర్క్ మీద తన రూటు చెబుతుంది. ఆ సిగ్నల్ వాళ్ళ చేతికి చిక్కకూడదు. చిక్కేలా ఉంటే నెట్‌వర్క్ మొత్తం ఆపెయ్. మన ఏజెంట్ రాగ్న అక్కడే పిట్టల ఫొటోలు తీసే వేషంలో ఉంది. సాయం చేస్తుంది.”

స్కాట్లాండ్ పడమటి తీరంలోని ఆ దీవిలోనే ఏజెంట్ ఫిన్లే పుట్టి పెరిగాడు. పెద్ద కంపెనీలు మొహం చాటేస్తే, ఊరివాళ్ళే స్తంభాలు మోసి, పొగగొట్టాలకి యాంటెన్నాలు కట్టి తెచ్చుకున్న వైర్‌లెస్ అది. సముద్రం అడుగున కేబుల్ తెగిపోయాక నేవీకి కూడా అదే గతి అయింది.

“చీఫ్, మా పెద్దమ్మ గుండె మిషన్ కూడా దాని మీదే నడుస్తోంది. గుండె తడబడితే ఆసుపత్రికి అలారం వెళ్ళేది అందులోంచే.”

“ఎంతసేపులే ఆపేది? కానియ్.”

నెట్ రిపేరువాడి వేషంలో దిగిన ఫిన్లే మొదట చేసిన పని, ఎఫీ పెద్దమ్మ ఇంటికి తాళం బిగించి, చెవి ఆవిడకివ్వడం. ఊరందరికీ సిగ్నల్ అందించే రిలే పెట్టె ఆవిడ అటక మీదే ఉంది మరి. తలుపులకి తాళాలెరగని ఊరది. పెద్దమ్మ మూతి ముడిచింది.

“ఎవర్ని చూసిరా నీ భయం? పక్కింటి మర్డోనా, వాడి గొర్రెలనా?”

“ఎవర్నీ రానివ్వకు పెద్దమ్మా. నెట్ క్షణం కూడా ఆగదు, నాదీ పూచీ.”

ఆదివారం ఊరంతా చర్చిలో ఉంది. అంతదూరం నడవలేని పెద్దమ్మ ఇంట్లో కూర్చుని ప్రసంగం నెట్‌లో వింటోంది. ఫిన్లే కొండ మీద ప్రధాన స్తంభం దగ్గర లాప్‌టాప్ తెరిచాడు. పదకొండున్నర కావస్తుండగా తెర మీద కొత్త పరికరం ఒకటి మెరిసింది. అది తగులుకున్నది పెద్దమ్మ అటక మీది రిలేకే!

తాళం వేసిన ఇంట్లోకి ఎలా దూరారు? ఆలోచించే వ్యవధి లేదు. పరుగెత్తినా ఆ ఇల్లు చాలా దూరం. ఇచ్చిన పూచీ గుర్తొచ్చి అతనికి తన మీద తనకే అసహ్యమేసింది.

“క్షమించు పెద్దమ్మా,” అంటూ స్విచ్ లాగేశాడు. సబ్‌మెరీన్ నోరు విప్పకముందే దీవి మూగబోయింది.

కొండ దిగి, రొప్పుతూ వచ్చేసరికి తలుపు బార్లా తీసి ఉంది. తాళంచెవి తాళంలోనే ఉంది. లోపల పెద్దమ్మ నేల మీద ఉంది. ఎర్రకోటు వేసుకున్న రాగ్న ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని, నాలుక కింద మాత్ర పెడుతోంది. పక్కనే దొంగ పరికరం.

“నువ్వా!” పిస్టల్ తీశాడు ఫిన్లే.

“నేనే. రెండు వైపులా పనిచేస్తున్నా, నిజమే. నేను అటక దిగుతుంటే ఈవిడ కింద పడిపోయింది. అలారం మోగలేదు. నువ్వే ఆపావు కదూ?”

అతను పిస్టల్ దించి, శాటిలైట్ ఫోన్‌లో హెలికాప్టర్‌ని పిలిచి, రాగ్నకి బేడీలు వేశాడు.

“నీకోసం మీ ముఠా పడవ రాలేదా?” అడిగాడు ఆమెని.

“వచ్చింది. వెళ్ళిపోయింది.”

పెద్దమ్మ కళ్ళు తెరిచింది. రాగ్న చేతులకి బేడీలు చూసింది.

“ఆ పిల్లకి టీ ఇచ్చావట్రా?”

“పెద్దమ్మా, ఆమె శత్రువు!”

“కావచ్చు. నా చెయ్యి మాత్రం వదల్లేదు. నువ్వే కదా నా మిషన్ ఆపింది?”

ఫిన్లే తల దించుకున్నాడు. “ఆమెకి తాళంచెవి ఎవరిచ్చారు?”

“ఒకరివ్వడమేంటి? బయట తలుపు పక్కనే మేకుకి తగిలించా. నువ్వు తాళం పెట్టావని వచ్చినవాళ్ళు వానలో నిలబడాలా?”

పెద్దమ్మ ఆసుపత్రిలో కోలుకుంటోందని కబురొచ్చింది. ఆ సాయంత్రమే చీఫ్ ఆర్డర్ కూడా వచ్చింది: మేకు వెంటనే పీకెయ్.

ఫిన్లే వెళ్ళి చూశాడు. మేకు కాస్త వదులుగా ఉంది. ఆ ఊళ్ళో ఆదివారం ఎవరూ సుత్తి పట్టరు కాబట్టి సోమవారం దాకా ఆగి, దాన్ని గట్టిగా దిగ్గొట్టాడు.