తిరిగిరాని టెస్ట్ రైడ్

వేలూరు బాగాయంలోని రాజాంబాళ్ ఇంటి మేడమీద గదికి ఆ మధ్యాహ్నం వచ్చిన అమ్మాయి, కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా నాన్నను దొంగ అంటుండారు. అననీండి. ఆయన యాడుండాడో కనుక్కోండి చాలు. రేపు పొద్దున్నే మా అమ్మకు గుండె ఆపరేషన్."

గోపినాథ్ మంచినీళ్ల గ్లాసు అందించాడు. ఆమె తీసుకుంది గాని తాగలేదు.

రాజాంబాళ్ చాలా ఏళ్లు ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ప్రమాదాలకు గురైన మోటారు సైకిళ్లను పరిశీలించే ఉద్యోగం చేసింది. ఆ తరువాత సొంతంగా పరిశోధనలు మొదలుపెట్టింది. సొట్టపడిన పెట్రోలు ట్యాంకు ఎదుట ఆమె కాసేపు నిలబడితే అది జరిగిందంతా చెప్పేస్తుందని ఆమె సహాయకుడు గోపినాథ్ నమ్మకం. ఆ మాట అందరికీ చెప్పేవాడు కూడా.

"నీ పేరేందమ్మా? ఏ ఊరు?" అని అడిగింది రాజాంబాళ్.

"విజి. మలేషియాలో ఇపో. మా ముత్తాత గుడియాత్తం మగ్గాల వీధి నుంచి ఓడెక్కినాడంట. ఇంట్లో ఇప్పటికీ తెలుగే."

తల్లి వైద్యం కోసం ముగ్గురూ వేలూరు వచ్చారు. తండ్రి అప్పాసామికి ఇపోలో మోటారు సైకిళ్లు బాగుచేసే షెడ్డు ఉంది. నిన్న పొద్దున ఆయన గుడియాత్తం బస్సెక్కాడు. తాత పుట్టిన వీధి చూడాలి, అక్కడి షోరూములో ఒక పెద్ద బండిని చూడాలి. అలాంటి బండిని ఆయన ఫోటోల్లో తప్ప చూసింది లేదు. సాయంత్రమైనా రాలేదు. ఇక్కడ కొన్న ఒక్క సిమ్ కార్డూ విజి ఫోన్లోనే ఉంది. ఇవాళ ఉదయం ఆమె గుడియాత్తం స్టేషనుకు వెళితే, విదేశం నుంచి వచ్చిన ఒకతను టెస్ట్ రైడ్ పేరుతో కొత్త బండి ఎత్తుకుపోయాడని ఫిర్యాదు నమోదై ఉంది.

"కొనాలనుకున్నాడా?"

"కొని ఏం చేస్తాం మేడమ్, చంకలో పెట్టుకొని విమానం ఎక్కుతామా? అమ్మ మొహం చూస్తా ఆసుపత్రిలో కూర్చోలేక పోయినాడు. అంతే."

"అమ్మకు తెలుసా?"

"మందుల లైన్లో ఉండాడని చెప్పినా." విజి గ్లాసు వైపు చూసింది. "నిన్నటి నుంచీ మా నాన్న లైన్లోనే ఉండాడు. ఆయన్ని చూడందే లోపలికి పోనంటుండాది అమ్మ. ఈసారి వాయిదా పడితే తట్టుకోలేదని డాక్టరు చెప్పినాడు."

రాజాంబాళ్ అప్పటికే చెప్పులు తొడుక్కుంది.

*

గుడియాత్తం షోరూము బజారు వీధిలో ఉంది. ఆడి నెల, అంటే తమిళుల ఆషాఢం కావడంతో లోపల బేరాల్లేవు. వరసగా నిలబెట్టిన బండ్ల మధ్య ఒక ఖాళీ చోటు. యజమాని రంగనాథన్ స్టేషనుకు వెళ్లాడట. అమ్మకాలు చూసే కేశవ్ ఒక్కడే ఉన్నాడు. పాతికేళ్లుంటాయి. తల నున్నగా దువ్వుకొని, కంపెనీ చొక్కా వేసుకున్నాడు.

"నిన్న కూడా నువ్వు ఒక్కడివే ఉన్నావా?" అని అడిగింది రాజాంబాళ్.

"అవును మేడమ్. సారు వేలూరు పోయినారు. ఆడిలో ఈగలు తోలుకునేదానికి ఒకడు చాలు కదా."

"ఆ మలేషియా ఆయన వచ్చి ఏమన్నాడు?"

"ఒక రౌండు పోయొస్తా తమ్ముడూ అన్నాడు. పెద్దాయన కదా అని తాళం ఇచ్చినా. ఇదో, ఈ వాకిట్లోనే నిలబడుకొని చూస్తా ఉన్నా. పోయినాడు. పోయినాడంటే పోయినాడే."

"టెస్ట్ రైడ్‌కు వేరే బండి ఉంటుంది కదా?"

"అది రిపేరులో ఉండాది. ఇది అణ్ణామలై అన్న బుక్ చేసుకున్న బండి. నిన్న డెలివరీ ఇయ్యాలని ట్యాంకు నిండా పెట్రోలు పోసి పెట్టినా. అదే మా తలరాత. ఆ పెట్రోలుతో బెంగళూరు దాటేసుంటాడు. ఎస్.ఐ. సారుకు కూడా అదే చెప్పినా."

విజి ముందుకు వచ్చింది. "మా నాన్న ముప్పై ఏళ్లుగా బండ్ల మీదే బతుకుతుండాడు. ఇంకొకరి బండి ఎత్తుకుపోయే మనిషి కాదు."

"మెకానిక్ అని నాతోనూ చెప్పుకున్నాడు," కేశవ్ పెదవి విరిచాడు. "గేరు వేసేదే రాదు. సెకండుకూ, థర్డుకూ, అన్నిటికీ కిందికే తొక్కుతాడు. టక్కు టక్కుమని బండి ఎగురుతుండాది."

"మా ఊరి చిన్న బండ్లకు అన్ని గేర్లూ కిందికే, ఇక్కడి మాదిరి ఫస్టు తప్ప అన్నీ పైకి కాదు," అంది విజి. "అలవాటు మీద తొక్కి ఉంటాడు."

రాజాంబాళ్ వాకిట్లోకి వెళ్లి వీధి చూసింది. కూరగాయల బండ్లు, షేర్ ఆటోలు, మధ్యలో నిలబడి కబుర్లాడే మనుషులు. ఒక స్కూటరువాడు రెండు కాళ్లూ నేలకు ఆనించి, బండిని దాదాపు నడిపించుకుంటూ పోతున్నాడు. మసీదు మలుపు దాకా అదే తీరు. మలుపు తరువాత ఏమీ కనబడదు.

"గోపీ, ఆ అణ్ణామలై ఇల్లు యాడో అడుగు."

*

అణ్ణామలై ఇంట్లో మగ్గం చప్పుడు వీధి మొదటికే వినిపించింది. వీళ్లు వచ్చిన పని చెప్పగానే అతను మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు. లుంగీల నేత. నలభై దాటిన మనిషి.

"నా బండి దొరికిందా?"

"దొరకలేదు."

"మరి ఎందుకొచ్చినారు, నన్ను ఓదార్చేదానికా?" అని లోపలికి చూసి గొంతు తగ్గించాడు. "నా పెండ్లాం పొద్దుటి నుంచీ నవ్వుతుండాది. బండి అత్తారింటికి రాకముందే లేచిపోయిందంట."

నవ్వబోయిన గోపినాథ్ విజి మొహం చూసి ఆగిపోయాడు. అణ్ణామలై కూడా అప్పుడే ఆమెను గమనించాడు. ఎవరని కళ్లతోనే అడిగాడు.

"ఆయన కూతురు," అంది రాజాంబాళ్.

అణ్ణామలై పీట ముందుకు జరిపాడు. "కూర్చోమ్మా. తిన్నావా?"

"డెలివరీ ఎప్పుడు తీసుకుందామనుకున్నారు?" అని అడిగింది రాజాంబాళ్.

"ఈ ఆడి పోయి ఆవణి పుట్టినాక. గుడికి తోలుకుపోయి, చక్రం కింద నిమ్మకాయ పెట్టి, అప్పుడు ఇంటికి. ఆడిలో ఎవరన్నా కొత్త బండి ఇంటికి తెచ్చుకుంటారా మేడమ్? మా అమ్మ వాకిలి తొక్కనిస్తుందా? అందుకే రెండు రోజులకోసారి పోయి, షోరూములోనే చూసుకొని వస్తా ఉన్నా."

"నిన్న పోయినారా?"

"పోయినా. అన్నం వేళకు ముందు. షట్టరు సగం దించి ఉండాది. కేశవా అని పిలిస్తే పలకలేదు. టీకి పోయినాడేమో అనుకొని వచ్చేసినా."

రాజాంబాళ్ గోపినాథ్ వైపు తిరిగింది. "గోపీ, అంబులెన్సుకు ఫోన్ చెయ్. షోరూము దగ్గర నిలబడమను. అణ్ణామలై గారూ, మీరు కూడా రండి."

"యాడికి అక్కా? ఎక్కడున్నాడో మనకు తెలియదు కదా," అన్నాడు గోపినాథ్.

"తెలిసినవాడు ఒకడున్నాడు."

*

వాళ్లు వచ్చేసరికి రంగనాథన్ స్టేషను నుంచి తిరిగి వచ్చి ఉన్నాడు. లావుపాటి పెద్దమనిషి. కొంచెం నడిస్తేనే ఆయాసం. ఎస్.ఐ. బెంగళూరు దారిలో కృష్ణగిరి వైపు టోల్‌గేట్ల దగ్గర వెతుకుతున్నాడని చెప్పాడు. రాజాంబాళ్ అందరినీ ఆ ఖాళీ చోటు చుట్టూ నిలబెట్టింది. కూర్చోమనలేదు.

"తొందరగా చెబుతాను. రంగనాథన్ గారూ, మీ షోరూములో ఆడి నెలలో కొత్త బండి డెలివరీ తీసుకునేవాళ్లుంటారా?"

"క్రైస్తవులు, ముస్లిములు తీసుకుంటారు. మనవాళ్లు తీసుకోరమ్మా."

"అణ్ణామలై?"

"ఆవణి పుట్టినాకనే కదప్పా నువ్వు చెప్పినావు?" రంగనాథన్ అతని వైపు తిరిగాడు.

"అవును," అన్నాడు అణ్ణామలై.

"అయితే నిన్న డెలివరీ లేదు. డెలివరీ లేని బండికి ట్యాంకు నింపరు. కంపెనీ నుంచి వచ్చిన బండిలో పంపు దాకా పోయేంత పెట్రోలు కూడా ఉండదు. ఇంజను తిప్పాలంటే సీసాతో పోయాల్సిందే. మిగతా నెలల్లో పెట్రోలు పోశారంటే డెలివరీకనే అర్థం. కేశవ్ నోటికి ఆ మాటే అలవాటు. కంగారులో అదే వచ్చేసింది. ఇది ఆడి అని మరిచిపోయాడు."

"మేడమ్, నేను..." అన్నాడు కేశవ్.

"ఆగు. సీసాడు పెట్రోలుతో బండి బెంగళూరు పోదు. ఈ ఊరి చుట్టుపక్కలే ఆగాలి. నిండు ట్యాంకు అని చెబితే పోలీసులు దూరం పోతారు, దగ్గర వెతకరు. దగ్గర ఎవరూ వెతకకూడదని నీకెందుకు?"

కేశవ్ రంగనాథన్ వైపు చూశాడు. రంగనాథన్ చూపు తిప్పుకోలేదు.

"వాకిట్లో నిలబడి చూశానన్నావు," రాజాంబాళ్ గొంతు పెంచలేదు. "ఈ వీధిలో మలుపు దాకా ఫస్టు గేరు దాటదు. ఆయన సెకండుకూ, థర్డుకూ కిందికి తొక్కడం నువ్వెలా చూశావు? షట్టరు సగం దించి ఉన్నప్పుడు అణ్ణామలై పిలిస్తే ఎందుకు పలకలేదు? నువ్వు ఇక్కడ లేవు కేశవ్. ఆ బండి వెనక సీటు మీద ఉన్నావు."

గోపినాథ్ నోరు తెరిచాడు. తను కూడా ఆ వాకిట్లోనే నిలబడి, ఆ వీధినే చూశాడు.

"ఆ పెద్దాయన కాలికి ముప్పై ఏళ్ల అలవాటు ఉంది. వేగంగా పోయేటప్పుడు పై గేరు అనుకొని కిందికి తొక్కి ఉంటాడు. వెనక చక్రం పట్టేసి బండి జారి ఉంటుంది. యాడ?"

కేశవ్ ఖాళీ చోటులోనే చతికిలబడ్డాడు.

"సారుకు చెప్పకుండా అమ్మిన బండి బయటికి తీసినా. నంబరు లేదు, ఇన్సూరెన్సు లేదు. ఉద్యోగం పోతుందని దొంగతనమని చెప్పేసినా. ఆయన బండితో సహా కిందికి పోయినాడు మేడమ్. నేను ఇసక మీద పడినా. ఆయన చచ్చిపోయినాడనుకున్నా."

"దగ్గరికి పోయి చూశావా?"

కేశవ్ తల అడ్డంగా ఊపాడు.

"చచ్చిపోయినాడని ఎలా అనుకున్నావు?"

"పిలిచినాడు," అన్నాడు కేశవ్. అతని గొంతు వినీవినపడనట్టుంది. "తమ్ముడూ అని పిలిచినాడు. బస్సు వచ్చింది. ఎక్కేసినా."

విజి చేతిలోని ఫోన్ మోగింది. తెరమీద ఆసుపత్రి వార్డు నంబరు, తల్లే చేయించి ఉంటుంది. ఆమె దాన్ని చూసింది, ఎత్తలేదు. కేశవ్ ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"అన్నా, యాడో చెప్పు. నిన్నేమీ అనను. చెప్పు."

"ఊరి బయట మోర్ధానా డ్యాము రోడ్డు. కాలువ మీది కల్వర్టు దాటినాక."

*

రోడ్డు మీదినుంచి చూస్తే సీమతుమ్మ కంప తప్ప ఏమీ కనబడలేదు. ఆ దారిన ఎన్నో బస్సులు పోయి ఉంటాయి. కేశవ్ చూపించిన చోట అణ్ణామలై కంప తొలగిస్తూ కిందికి దిగాడు. కాసేపటికి అతని కేక వినిపించింది.

"ఉండాడు! ఊపిరి ఉండాది!"

అప్పాసామి ఎండిన కాలువ గట్టు కింద, రాళ్ల మధ్య వెల్లకిలా పడి ఉన్నాడు. ఎడమ కాలు బండి కింద ఇరుక్కుంది. పెదవులు పగిలాయి. విజి గొంతు విని కళ్లు తెరిచాడు. మాట రావడానికి చాలాసేపు పట్టింది.

"అమ్మకు... అయిపోయిందా?"

"లేదు నాన్నా. రేపు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. కళ్ల కొసల్లో తడి చేరింది. ఆ ఒంట్లో ఇంకా అంత నీరు మిగిలి ఉందా అనిపించింది గోపినాథ్‌కు.

బండిని పక్కకు లాగేశారు. అంబులెన్సు నర్సు సూది గుచ్చి, సెలైన్ సీసాను పైకెత్తి పట్టుకుంది. స్ట్రెచరుకు ఒక మూల డ్రైవరు, ఒక మూల గోపినాథ్, ఒక మూల అణ్ణామలై. నాలుగో మూల విజి పట్టుకుంది. గట్టు నిటారుగా ఉంది. రెండడుగులు ఎక్కగానే రాళ్లు జారి ఆమె మోకాలి మీద పడింది. స్ట్రెచరు ఒరిగి, అప్పాసామి మూలిగాడు. రాజాంబాళ్ ముందుకు వచ్చింది గాని ఆ బరువు తన చేతులకు లొంగేది కాదని ఆమెకూ తెలుసు. రంగనాథన్ రోడ్డు అంచున చేతులు పిసుక్కుంటూ నిలబడి ఉన్నాడు.

కేశవ్ సగం గట్టు దిగి ఆగిపోయాడు.

"నేను పట్టుకుంటా," అన్నాడు.

అణ్ణామలై ఉమ్మేశాడు. అందరూ విజి వైపే చూశారు. ఆమె అతని చేతుల్ని చూసింది. తరువాత తండ్రి మొహం చూసింది. మోకాలి నుంచి రక్తం కారుతుండగా లేచి, తన మూల వదిలి పక్కకు జరిగింది.

"పట్టు," అంది. "కుదపొద్దు."