పుస్తకంలో లేని గుక్కెడు నీళ్లు

ఆదోనిలో బీఈడీ కాలేజీ ఎదురుగా ఉంది రఫీక్ జిరాక్స్ షాపు. ఆ కాలేజీలో చదివే ముస్రత్ మొదటిసారి షాపు మెట్లెక్కిన రోజే ఇద్దరికీ తగువు పడింది.

ఎట్లంటే, ఎమ్మిగనూరులో ముస్రత్ వాళ్లవ్వ కుల్సుంబీ వయసులో ఉన్నప్పుడు ఒక వారపత్రికలో ఆదోని కోట మీద సీరియల్ వచ్చేది, 'తూర్పు బురుజు' అని. కోటను ఏలే కిలేదారు కూతురు మెహతాబ్‌కూ ఒక పేద సిపాయికీ ప్రేమ. కుల్సుంబీ పక్కింటామెతో చదివించుకుని, ఆ పేజీలు చింపి మగ్గం దారంతో కుట్టి దాచుకునింది. ఇప్పుడవి ముట్టుకుంటే అప్పడం మాదిరి విరుగుతాండాయి. కాపీ తీయిద్దామని మనవరాలు తెచ్చింది. రఫీక్ ఫోన్ చూసుకుంటా ఒక పేజీని మిషన్‌లోకి తోసినాడు. లోపలికి పోయింది పేజీ, బయటికొచ్చింది పొడి.

"మా అవ్వకు ఏం చెప్పాల?" అనింది ముస్రత్. అరవలేదు. కండ్లు మాత్రం నిండినాయి. ఆ కండ్లు రఫీక్‌ను రెండు దినాలు అన్నం తిననియ్యలేదు.

లైబ్రరీలో అదే నవల పుస్తకంగా దొరికితే, పోయిన పేజీకి కాపీ తీసి పెట్టినాడు. ముస్రత్ నిలబడే చదివి, "ఇది మాది కాదు. మా గుర్రం నల్లది. మీది తెల్లది," అనింది.

"రంగుదేముందిలే?"

"నల్లది కాబట్టే సిపాయి చీకట్లో కోట దాటినాడు. తెల్ల గుర్రమెక్కి దాటుతాడా ఎవరైనా? మీ పుస్తకంలో సిపాయికి తెలివి లేదు, షాపు ఓనరు మాదిరే."

రాసినాయన పత్రికకు ఒక తీరుగా రాసి, పుస్తకమేసేటప్పుడు మార్చినాడన్నమాట. ఇంకేమేం మార్చినాడో చూద్దామని కౌంటర్ మీద రెండూ పక్కపక్కన పెట్టి చదివేది మొదలుపెట్టినారు. పత్రికలో వాన కురిస్తే పుస్తకంలో ఎండ. పత్రికలో సిపాయికి అమ్మ ఉంది, పుస్తకంలో లేనే లేదు. కాపీల కోసం వచ్చినోళ్లు దగ్గి దగ్గి పోయేవాళ్లు.

సగం కథ దాటినాక ఒక సోమవారం ముస్రత్ మొహం వేలాడేసుకుని వచ్చింది.

"శుక్రవారం కౌతాళం నుంచి నన్ను చూసేదానికి వస్తాండారు. నాయన మాటిచ్చేటట్టుండాడు."

రఫీక్ పుస్తకం మూసేసినాడు. "మరి నేను... నీకు నేనంటే ఇష్టమేనా?" అని ఎట్లనో అడిగేసినాడు.

ముస్రత్ తలెత్తకుండా అవ్వ పేజీలు బ్యాగులో సర్దుకునింది. "కడాకు మెహతాబ్ ఏం చేసిందో నేనూ అదే చేస్తా. చదువుకో. ఫోన్ చేయొద్దు, నా ఫోను నాయన దగ్గరుంది," అనేసి బస్సుకు పోయింది.

రఫీక్ షట్టర్ సగం దించి లైబ్రరీ పుస్తకంలో కడపటి చాప్టరు తీసినాడు. మెహతాబ్ పల్లకీ ఎక్కింది. సిపాయి బురుజు మీద నిలబడి చూస్తాండాడు. పల్లకీ కోట దాటిపోయింది. ఆమె తెర కూడా తీయలేదు. కథ అయిపోయింది.

మళ్లా చదివినాడు. ఎన్నిసార్లు చదివినా తెర తీయలేదు ఆ మహాతల్లి.

మరుసటి దినం ఒకాయన ఆధార్ కార్డు రెండు పక్కలా కాపీ అడిగితే, ఒకే పక్క రెండుసార్లు తీసిచ్చినాడు. ఇంటికి పోతే అమ్మ వాని నొసలు మీద చెయ్యి పెట్టి, "జ్వరమేం లేదే, ఏమైందిరా?" అనింది. ఏమని చెప్తాడు? అమ్మను పెండ్లి మాటకు పంపితే, వద్దన్న పిల్ల ఇంటి నుంచి తలొంచుకుని రావాల. పంపకపోతే శుక్రవారం ఊరికే ఉంటుందా, వచ్చేస్తాది.

గుర్రం రంగు మార్చినోడు కథ కడాన కూడా ఏమన్నా మార్చినాడేమో. ఈ ఒక్క ఆశ బుధవారం పొద్దున వాణ్ణి ఎమ్మిగనూరు బస్సెక్కించింది. దారిపొడుగునా వాన. కిటికీ అద్దం పడదు, సగం తడిసినాడు.

కుల్సుంబీ వసారాలో నూలు కండెలు చుడతాండింది.

"ఎవరప్పా నువ్వు?"

"జిరాక్స్..."

"ఓ, నా పేజీ మింగినోడివా."

"కోపం చేసుకోవాకవ్వా. ఆ కథలో కడాకు మెహతాబ్ ఏం చేస్తుందో చెప్పు."

అవ్వ చేతిలో రాట్నం ఆగింది. "దానికింత దూరమొచ్చినావా? పల్లకీ కోట దాటింది కదా. సిపాయి ఇంటి ముందుకు రాంగనే ఆపమనింది. దిగి లోపలికి పోయి, వాళ్లమ్మను గుక్కెడు నీళ్లడిగింది. తాగి, చెంబు కిందపెట్టి, ఆడనే కూర్చునింది. మళ్లా పల్లకీ ఎక్కలే. ఆ వారం మా వీధంతా బెల్లం పంచుకున్నాం."

రఫీక్ ఇంటి లోపలికి తొంగి చూసినాడు. "ముస్రత్ యాడుందవ్వా?"

"పొద్దున్నే ఆదోనికి పోయె. సెలవు కదే అంటే, పనుందనింది." అంటా అంటానే కుల్సుంబీ ఆగిపోయింది. "మీ అమ్మ ఇంట్లో ఉందా, నాయనా?"

తిరుగు బస్సు ప్రతి ఊరి దగ్గరా ఆగింది. అమ్మ బజారుకు పోయుంటే? ఎవరే నువ్వని వాకిట్లోనే కసురుకునుంటే?

ఇంట్లో ముస్రత్ మంచం అంచున కూర్చోనుంది, చేతిలో గ్లాసు, మొహంలో రక్తం లేదు. ఎదురుగా రఫీక్ వాళ్లమ్మ, పక్కన బిందె.

"వచ్చినావా? ఎవరో ఈ పాప నీళ్లడిగితే ఇచ్చినా. పోలే. ఇంకా ఇచ్చినా. కడుపు పగిలేటట్టుంది, సంగతి చెప్పదు, లేసి పోదు."

"షాపు మూసినావు," అనింది ముస్రత్ వానితో. "పారిపోయినావనుకున్నా."

"మీ ఇంటికే పోయినా. నా పుస్తకంలో ఈ నీళ్లు లేవు. మెహతాబ్ తిరిగి చూడకుండా పోయింది."

ముస్రత్‌కు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చినాయి. "అంటే ఈ రెండు దినాలూ నేను వద్దన్నాననుకున్నావా?"

"అమ్మా, శుక్రవారం ఈమెను చూసేదానికి కౌతాళమోళ్లు వస్తాండారు," అన్నాడు రఫీక్.

వాళ్లమ్మ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. లేచి, కొంగుతో కొడుకు తడి తల తుడిచింది, గట్టిగానే.

"అయితే రేపే మీ ఇంటికొస్తాం," అనింది ముస్రత్‌తో. "నేనూ గుక్కెడు నీళ్లడుగుతా. మీ నాయన ఇస్తాడా?"

"నాయన సంగతి తెలీదు," అనింది ముస్రత్. "అవ్వయితే ఈ పాటికి చెంబు తోముతా ఉంటాది."