బీరువాలో మోడెం

"టెక్నీషియన్ ఎక్కడున్నడు?" అంటూ రూబీ భుజం మీదుగా గేటు వైపు చూశాడు ప్రవీణ్.

"మీ ముందరనే ఉన్నది. జర పక్కకు జరిగితే లోపలికొస్తది" అంది రూబీ, నిచ్చెన కిందికి దించుతూ.

మన్సూరాబాద్‌లోని ఆ రెండంతస్తుల ఇంట్లో వాళ్ల పరిచయం అలా మొదలైంది. ప్రవీణ్ చైతన్యపురి కోచింగ్ సెంటర్లో ఫిజిక్స్ చెబుతాడు. సాయంత్రం నాలుగింటికి మేడ మీది గదిలో కూర్చుని ఆన్‌లైన్ క్లాసు తీసుకుంటాడు. సరిగ్గా ఆ క్లాసు మధ్యలోనే నెట్ పోతోందని ఫిర్యాదు.

రూబీ ఎల్బీనగర్‌లోని ఇంటర్నెట్ ఆఫీసు టెక్నీషియన్లలో ఉన్న ఒకే ఒక్క ఆడపిల్ల. తండ్రి యాకోబు దిల్‌సుఖ్‌నగర్ నుంచి హయత్‌నగర్ దాకా టెలిఫోన్ కేబుళ్ల కోసం కందకాలు తవ్విన మనిషి. "మా నాయన మట్టిల దారి చేసిండు. ఆ దారిల నేను వెలుగు పంపుతున్న" అని రూబీ తలెత్తుకుని చెప్పుకుంటుంది. అందులో కాస్త గర్వం ఉన్న మాట నిజమే, ఉంటే తప్పేముంది.

కింది గదిలో బల్ల మీద మోడెం తళతళలాడుతోంది. ప్రవీణ్ తల్లి అరుణమ్మ దాన్ని దేవుడి పటంలా తుడిచి పెట్టింది. పచ్చ లైట్లు వెలుగుతున్నాయి, తీగ బాగుంది. రూబీ ఎంత వెతికినా తప్పు దొరకలేదు. వారంలో రెండోసారి వచ్చింది, అదే కథ. మూడోసారీ అంతే.

ఆ రోజు సూపర్‌వైజర్ లింగస్వామి పిలిచాడు. "టీమ్ లీడర్ లిస్టుల నీ పేరున్నది. గదే ఇంటి నుంచి నాలుగో కంప్లైంట్ ఒస్తే తీసేస్తరు" అని, నవ్వు ఆపుకుంటూ మళ్లీ అన్నాడు. "ఆ పిలగాడు కావాల్నని పెడుతున్నడేమో చూసుకో."

రూబీ ఒళ్లు మండింది. తన పని ఒకరి సరదాకు సాకు కావడమా? వెంటనే ఫోన్ చేసింది.

"నన్ను పిలిపించుకోనీకె కంప్లైంట్లు పెడుతున్నరా సార్?"

"నూట ఇరవై మంది పిల్లలు స్క్రీన్ ముందర కూసున్నప్పుడు క్లాసు ఆగిపోతే నాకేం సంబరం?" ప్రవీణ్ గొంతులో బాధ వినిపించింది.

"మరి నేనొచ్చిన ప్రతిసారీ ఇస్త్రీ అంగి ఎందుకు?"

అతని జవాబు వినకుండానే రూబీ ఫోన్ పెట్టేసింది.

రెండు రోజులకు, నాలుగూ పదికి, నాలుగో కంప్లైంట్ వచ్చింది. వెళ్లేముందు ఫోన్ చేయడం ఆఫీసు పద్ధతి. ఈసారి రూబీ చేయలేదు. సన్నటి వానలో స్కూటీ తీసి పది నిమిషాల్లో వాళ్ల గేటు ముందు దిగింది.

మోడెం ఉన్న గదికి తాళం వేసి ఉంది.

"తాళం ఎవరేసిన్రు?"

"అమ్మ. నాలుగింటికి రోజు లెక్కనే కూరగాయలకు పోయింది." మెట్ల మీద నిలబడ్డ ప్రవీణ్ ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, దాని నెట్‌తోనే క్లాసు నెట్టుకొస్తున్నాడు. పిల్లలకు ఐదు నిమిషాలు విరామం ఇచ్చాడు.

అంతలో అరుణమ్మ సంచీతో వచ్చింది. రూబీని చూసి కంగారుగా తాళం తీసింది. బల్ల మీద మోడెం లేదు. ఆమె నడుముకున్న తాళంచెవుల గుత్తితో ఇనుప బీరువా తెరిచింది. పట్టుచీరల నడుమ, నగల పెట్టె పక్కన, ఎర్ర లైటు మిణుకుమంటూ కూర్చుని ఉంది మోడెం.

"గిదేందమ్మా?" ప్రవీణ్ నోరు తెరిచాడు.

"నువ్వే కదరా అన్నవు, నా బతుకంత దీని మీదనే నడుస్తదని. బంగారం బీరువాల పెట్టి, నీ బతుకును బల్ల మీద ఇడిసిపెట్టి పోతనా? ఎవరన్న ఒస్తున్నమని ఫోన్ చేస్తే మళ్ల తీసి పెడుత."

రూబీకి కోపం ఎటు పోయిందో తెలియలేదు. నవ్వుతూ ఆమె పక్కనే కూర్చుంది.

"అమ్మా, మీ కొడుకు పాఠం కంప్యూటర్ల ఒకట్లు, సున్నాల లెక్క ఉంటది. గీ సన్నటి గాజు తీగల పోయేదేమో వెలుగు. కంప్యూటర్‌కు వెలుగు భాష రాదు, తీగకు కంప్యూటర్ భాష రాదు. రెండూ వచ్చింది గీ డబ్బా ఒక్కదానికే. ఇటు పాఠాన్ని వెలుగు చేసి పంపుతది. అటుకెళ్లి ఒచ్చిన వెలుగును మళ్ల కంప్యూటర్‌కు సమజయ్యేటట్టు చేస్తది. పిల్లల ఇండ్లల్ల కూడ గిసొంటిదే ఒకటుంటది."

"మరి బీరువాల పెడితే?"

"తలుపుకు తీగ నలిగి వెలుగు ఆగుతది. నలగకున్నా, ఇనుము లోపలి నుంచి వైఫై బయటికి రాదు."

నలిగిన తీగ మార్చి, మోడెంను గోడకు ఎత్తుగా బిగించింది. పచ్చ లైటు వెలిగింది. ప్రవీణ్ మేడ మీదికి పరుగెత్తి క్లాసు ముగించి దిగొచ్చాడు. వస్తూనే ఆఫీసుకు మెసేజ్ పెట్టి ఆమెకు చూపించాడు: 'తప్పు మా ఇంటిది. మీ దగ్గర దాన్ని పట్టుకోగలిగింది ఈమే.'

అది చదివి రూబీ కాస్త నిటారుగా నిలబడింది.

"ఓటీపీ చెప్పుండ్రి, కంప్లైంట్ క్లోజ్ చేయాలె."

"చెప్పను."

"ఎందుకు?"

"కంప్లైంట్లు నిజం. అంగి సంగతి కూడ నిజమే." అతని చెవులు ఎర్రబడ్డాయి. "ఓటీపీ చెప్తే మీరు ఇంక రారు."

రూబీ తలొంచుకుని టూల్ బ్యాగు జిప్పు లాగింది. అది ముందే వేసి ఉంది.

"కంప్లైంట్ లేకున్నా పిలవొచ్చు. దానికి ఓటీపీ అక్కర్లేదు."

అతను నాలుగంకెలూ చెప్పాడు, మెల్లగా, ఒక్కొక్కటే.

గుమ్మంలో గ్లాసులతో నిలబడ్డ అరుణమ్మ అంతా విన్నది. ప్రవీణ్ ముఖం మారింది. "అమ్మా, నాయన ఏమంటడో."

"ఆయన మాట నీకు సమజ్ కాదు, నీ మాట ఆయనకు సమజ్ కాదు. ముప్పై ఏండ్ల సంది ఈ ఇంట్ల రెండు భాషలొచ్చింది నాకొక్కదానికే." టీ గ్లాసు రూబీ చేతికిచ్చి, ఆదివారం తండ్రితో భోజనానికి రమ్మని, చర్చి అయ్యాక వస్తామన్న మాట తీసుకుని, భర్త సత్యనారాయణకు ఫోన్ కలిపింది.

"ఇగో, ఆదివారం ఓ పిల్లను, ఆళ్ల నాయనను బువ్వకు పిలుస్తున్న. చర్చి అయినంక ఒస్తరు. ఆఁ, చర్చికే పోతరు. మన ప్రవీణ్‌కు నచ్చింది, నాకు అంతకన్న ఎక్కువ నచ్చింది. మన నెట్ బాగుచేసెటోళ్లే. ఏందీ, టెక్నీషియన్ బిడ్డనా?"

అరుణమ్మ రూబీ వైపు చూసి, గొంతు పెంచి చెప్పింది.

"కాదు. టెక్నీషియనే."